తడి గోనె

రెండో రొట్టె అంచు కూడా పగిలింది. మయూరి దాన్ని పెనం మీద వేసి, పైన తడి చేయి రాస్తున్నట్టు నటిస్తూ ఆ పగులును వేలితో అదిమింది. పొయ్యికి వీపు పెట్టి గడప దగ్గర కూర్చున్న తల్లికి అది ఎలా తెలిసిందో మరి.

"అతికితే అతుకుతదా? పిండి పిసికినప్పుడే ఉండాలె ఆ జోరు," అంది ముత్తవ్వ. ముక్కుకూ నోటికీ కట్టుకునే పాత చీర పేలికను నాలుగు మడతలు వేస్తోంది ఆమె. "గంత దూరం పోయి చదివితివి. ఆడ రొట్టె కొట్టుడు పరీక్ష పెట్టలేదా?"

"పెడితే ఫెయిలయ్యేదాన్నే అవ్వా."

"మంచిగైంది పెట్టలేదు. సర్కారు పైసలు మునుగుతుండె."

ఇద్దరూ నవ్వారు. మయూరి నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఈ కథ వెంట మొదటి నుంచీ నడుస్తున్నవాళ్ళకు తెలుసు. దారిలో ఇవాళే కలిసినవాళ్ళ కోసం కాస్త వెనక్కి చూద్దాం.

మయూరిది తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలోని కర్ఖేలి. సెంటు భూమి లేని ఇల్లు. తండ్రి పోయాక తల్లి కూలితోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. ఊరి మరాఠీ బడిలో చదివి, నాందేడ్‌లో డిగ్రీ చేసి, సర్కారు స్కాలర్‌షిప్ మీద నెదర్లాండ్స్ వెళ్ళింది. తిండి సరుకుల్లో పుట్టే బూజు గురించి, ఆ బూజు వదిలే విషం గురించి చదువుకుంది. తోటివాళ్ళంతా అక్కడే కొలువులు వెతుక్కుంటే ఆమె విమానం ఎక్కి తిరిగొచ్చేసింది. చుట్టూ మిరప, పసుపు, పప్పులు పండే జిల్లాలో తన చదువుకు పని లేకపోవడమేమిటని ఆమె ధీమా. వచ్చాక తెలిసింది. పూనాలో ఒక కంపెనీవాళ్ళు, "నాలుగు నెలలు చేసి మళ్ళీ ఎగిరిపోతారు మీరు," అన్నారు. నాందేడ్‌లో ఒక పెద్దమనిషి, మీ చదువుకు సరిపోయే కుర్చీ మా దగ్గర లేదని టీ ఇచ్చి పంపించాడు. ఆఖరికి ధర్మాబాద్‌లో కారం మిల్లు నడిపే గోవింద్ సేట్ పిలిచాడు. ఆయన బయటి దేశానికి పంపిన కారం, బూజు విషం ఉందని వెనక్కి వచ్చింది. ఆ విషం ఎక్కడ పుడుతోందో పట్టిస్తే మిల్లులోనే ల్యాబ్ పెట్టి, దాన్ని మయూరి చేతికి ఇస్తానన్నాడు. ఆ మిల్లులోనే ముత్తవ్వ ముకద్దం. అంటే, మిరపకాయల తొడిమెలు తీసే ఆడకూలీలందరికీ పెద్ద.

పోయిన వారం మనం మయూరిని షెడ్డులో, బస్తాల వెనక, పొద్దుమూకే వేళ విడిచిపెట్టాం. ఆడవాళ్ళంతా టెంపో ఎక్కడానికి బయటికి నడిచాక ఒక మనిషి వెనక్కి వచ్చింది. బకెట్లో చేయి ముంచి మిరపకాయల కుప్పల మీద నీళ్ళు చిలకరించింది. తడి గోనెసంచులు కప్పి, నిద్రపోయే పిల్లకు దుప్పటి సర్దినట్టు చివర్లు లోపలికి దోపింది. నడుం పట్టుకుని లేచి, మొహం ఎత్తింది. ముత్తవ్వ.

కథలో అది నిన్నటి మాటే. ఆ సాయంత్రం మయూరి తల్లి పక్కనే కూర్చుని అన్నం తిన్నది. ఏమీ అనలేదు. అనకపోవడం దాచాలని కాదు. చిన్నప్పటి నుంచీ ఆమె తీరే అంత. చూసినదాన్ని వెంటనే నోటికి తేదు. లోపల పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చెప్పే దారి దొరికాక చెబుతుంది. తెల్లారేసరికి దారి దొరికింది కూడా. సేట్‌కు కారణం చెప్పాలి, మనిషిని చెప్పకూడదు. అవ్వ పేరు రాకుండానే పని అయిపోతుంది. సేట్‌ను మధ్యాహ్నం కలవాలి, ఆలోపు అవ్వకు నెమ్మదిగా చెప్పుకోవచ్చు. లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

మూడో రొట్టె పగలకుండా వచ్చింది. దాన్ని పెనం మీద వేస్తుండగానే ఫోన్ మోగింది.

"మయూరి బేటా, నేను నాందేడ్ పోతున్న," అన్నాడు గోవింద్ సేట్, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య. "మాల్ కొని వాపస్ పంపినోళ్ళ మనిషి ఆడికి అచ్చిండంట. మధ్యాహ్నం దాక ఆగే టైం లేదు. మీ ఊరు తొవ్వలనే గదా, ఇంటికే అస్త. ఏం దొరికిందో చెప్పు, ఆయనకు నేను చెప్పుకుంట."

"ఇంటికా?"

"ఏం, రావద్దా? ముత్తవ్వ చాయ్ పోయదా?"

ఫోన్ పెట్టేసేలోపే ముత్తవ్వ లేచి నిలబడింది. "సేట్ మనింటికి అస్తుండా? గిప్పుడా?" అని, జవాబు కోసం ఆగకుండా గోడ అవతలికి కేక వేసింది. "సంగవ్వా! ఓ సంగవ్వా! నీ కుర్చీ తే! మంచి గిలాసలు కూడ తే!"

గోడ అవతల నుంచి సంగవ్వ గొంతు ముందు వచ్చింది, మనిషి తరువాత వచ్చింది. ఆమెదీ అదే మిల్లు, అదే పని. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని తలమీద బోర్లించుకుని, చేతిలో గాజు గ్లాసులతో లోపలికి దిగింది. "ఏందక్కా, పిల్లను చూసుకునేటోళ్ళు అస్తున్నరా?"

"నీ నోట్ల మన్ను వడ. సేట్ అస్తుండు."

"గదే అంటున్న. పిల్లను చూసుకుంటందుకే గదా! పెండ్లికి కాదు, నౌకరికి." సంగవ్వ కుర్చీ దించి, కొంగుతో తుడిచి, తానే ఒకసారి కూర్చుని చూసింది. "ఒక కాలు జర పొట్టిగున్నది. సేట్ బరువుకు ఆగుతదో లేదో."

మయూరి పెనం దించింది. "అవ్వా, సేట్ వచ్చేలోపు ఒక మాట చెప్పాలె."

"మాటలు తర్వాత. శక్కర్ ఉన్నదా చూడు. ఆయన చాయ్ తీపి తాగుతడు."

"నిన్న పొద్దుమూకి షెడ్డుల..."

"అదిగో బండి!" అంది సంగవ్వ.

నిజంగానే గల్లీ మొదట్లో కారు ఆగింది. లోపలికి రావడానికి సందు చాలక, గోవింద్ సేట్ దిగి నడుచుకుంటూ వస్తున్నాడు. మయూరి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. పరవాలేదు అనుకుంది. ఎలా చెప్పాలో తనకు తెలుసు. అవ్వకు కూడా వింటూ వింటూ అర్థమైపోతుంది.

గోవింద్ సేట్ వాళ్ళది తాత కాలం నుంచీ కారం వ్యాపారమే గానీ ఆ ఘాటు ఆయన ముక్కుకు మాత్రం అలవాటు కాలేదు. చేతిలో ఎప్పుడూ తెల్ల రుమాలు ఉంటుంది. దానితో ముక్కు తుడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. సంగవ్వ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ముత్తవ్వా, నీ బిడ్డ మిల్లుల అందరి నోట్ల పడ్డది," అన్నాడు సేట్ చాయ్ గ్లాసు అందుకుంటూ. "లారీ అచ్చుడే ఆలస్యం, పైకెక్కి ఒక్కొక్క మిరపకాయను చెవికాడ పెట్టి ఊపుతున్నదంట. మిరపకాయల తోని ఫోన్ మాట్లాడుతున్నదని హమాలీలు నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి సేటూ. చిన్నప్పుడు కూడ గట్లనే ఉండె. బడి నుంచి అచ్చేటప్పుడు చీమల బారు కనబడ్డదంటే ఆడనే నిలవడేది. నేను పోయి గుంజుకొచ్చేదాన్ని." ముత్తవ్వ మాటలో ఫిర్యాదు లేదు. మురిపెం ఉంది.

"అచ్ఛా. మరి చెప్పు బేటా." సేట్ ఒక గుక్క తాగి ముందుకు వంగాడు. "ముఖేడ్ రైతుల మాలే గదా? నాకు ముందుగాలే తెలుసు. తూకం కోసం తడిపి తెస్తున్నరు. ఆ మాల్ అంత అమ్మిన ఆడతి దలాలికి వాపస్ కొడత. కొన్నోళ్ళ మనిషికి గదే చెప్త. కిస్సా ఖతం."

"గంతే సేటూ," అంది ముత్తవ్వ. "నేను మొదటి సంది మొత్తుకుంటనే ఉన్న. ముఖేడ్ కాయ ముట్టుకుంటెనే మెత్తగుంటది. తడిపెటోళ్ళకు బుద్ధి ఉండాలె. తినే వస్తువ గదా అది."

మయూరి తల్లి మొహం వైపు చూసింది. అక్కడ అబద్ధం ఆనవాలు కూడా లేదు. అవ్వ దాయడం లేదు. తాను రోజూ సాయంత్రం చేసే పనికీ, వెనక్కి వచ్చిన కారానికీ సంబంధం ఉందన్న ఊహే ఆమెకు తట్టలేదు. తూకం కోసం తడిపేవాళ్ళు దొంగలు. తాను చేసేది పని ఒడుపు. ఆ రెండూ ఒకటే నీళ్ళని ఎవరైనా చెబితే గదా తెలిసేది!

అవును అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటతో నౌకరి చేతికొస్తుంది. ముఖేడ్ రైతులెవరో ఆమెకు తెలియను కూడా తెలియదు. కానీ కారం మళ్ళీ వెనక్కి వస్తుంది. అప్పుడు తన చదువుకు ఇక్కడ పని లేదని అన్నవాళ్ళ మాటే నిజమవుతుంది.

"ముఖేడ్ మాల్ మంచిగున్నది సేట్‌జీ," అంది మయూరి.

సేట్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది.

ఆమె లోపలికి వెళ్ళి రెండు చిన్న గుడ్డ మూటలు తెచ్చింది. మొదటి మూటలోంచి ఒక మిరపకాయ తీసి సేట్ చెవి దగ్గర ఊపింది. గింజలు గలగలమన్నాయి. "ఇది ముఖేడ్ లారీ దిగినప్పుడు తీసింది." రెండో మూటలోంచి ఇంకొకటి తీసి ఊపింది. చప్పుడు లేదు. దాన్ని వేళ్ళ మధ్య వంచింది. తోలులా వంగింది గానీ విరగలేదు. "ఇదీ అదే మాల్. మన షెడ్డుల ఒక రాత్రి పండి లేచినంక నిన్న పొద్దుగాల తీసిన."

"అంటే ఏందన్నట్టు?"

"లారీల పొడిగనే అస్తున్నది. మన షెడ్డుల తడుస్తున్నది. తడిసింది మళ్ళ ఎండకు పోకుంట సంచులల్లకు పోతున్నది. సంచుల లోపల వెచ్చగుంటది. ఇంక బూజుకు ఏం కావాలె?"

"షెడ్డు పైన రేకులు కొత్తయే. ఏడ కురుస్తున్నది?"

"కురుస్తలేదు. చేతులతోని చల్లుతున్నరు."

"ఎవ్వలు?" సేట్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవ్వల చేతులు? పేరు చెప్పు."

దీనికి మయూరి సిద్ధంగా ఉంది. "ఎవ్వలని అడిగితె అందరు. ఎందుకని అడగుండ్రి, అది చెప్త. నేను చదువుకున్నది గదే."

"నాకు పాఠం చెప్పకు బేటా..."

"అయితె నేను చెప్త!" సంగవ్వ నోట్లోంచి కొంగు బయటికి వచ్చింది. ఆమె మాట ఆపుకోవడం అంతసేపే కుదిరింది. "తడపకుంటె తొడిమె అస్తదా సేటూ? ఎండుకాయను గుంజితె పటుక్కుమని ఇరుగుతది. గింజలన్ని కింద. ఇరిగిన కాయకు నువ్వు పైసలు కోస్తవు. పైకెంచి దుమ్ము! నీ షెడ్డుకు ఒక్క పంఖా లేకపాయె. ఒక్క రోజు అచ్చి మా నడుమ కూసో. రుమాలు కాదు, దుప్పటి తెచ్చుకున్న సరిపోదు నీ ముక్కుకు."

"సంగవ్వా, ఊకో," అంది ముత్తవ్వ మెల్లగా.

ఆ మెల్లదనం మయూరికి వినిపించింది. తల్లి మొహం మారుతోంది. ఆమె చూపు మయూరి చేతిలో వంగిన ఆ మిరపకాయ మీద ఉంది. ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వస్తున్నట్టు ఆమె కళ్ళు చిన్నవయ్యాయి.

మయూరి మాట కొనసాగించింది. ఆపితే అసలు సంగతి చెప్పకుండా పోతుందని ఆమె తొందర. "తప్పు ఎవ్వలది కాదు సేట్‌జీ. మా ఇండ్లల్ల అందరు గిట్లనే చేస్తరు. రాత్రి తడి గోనె కప్పుతరు, పొద్దుగాల తొడిమెలు తీస్తరు. కాని తీసినంక కప్పు మీద ఎండల పోస్తరు, మళ్ళ గలగల అనే దాక. గప్పుడే దంచుతరు. మిల్లుల సగం పనే అస్తున్నది. గోనె కప్పుడు అచ్చింది, ఎండల పోసుడు రాలేదు. ఎండల పొయ్యాలంటె జాగ లేదు, టైం లేదు. తొడిమె తీసుడే ఆలస్యం సంచులకెత్తుమంటరు మీరు."

సేట్ రుమాలు మడిచాడు. విప్పాడు. తరువాత ముత్తవ్వ వైపు తిరిగాడు. "ముకద్దంవు నువ్వు. నీకు తెల్వకుంట షెడ్డుల చీమ కూడ తిరగది. గోనెలు కప్పేది ఎవ్వలు?"

"సేట్‌జీ..." అని మయూరి మధ్యలోకి వచ్చింది.

"నేనే సేటూ," అంది ముత్తవ్వ.

చాయ్ గిన్నె కింద ఒక కట్టె చిటపటమంది.

"నేనే కప్పుత. రోజు నేనే చల్లుత. ఇంకెవ్వలకు చేతగాదు, ఎక్కువ పోస్తరని నేనే చేస్త. మా అత్త నేర్పింది నాకు." ఆమె సేట్‌కు జవాబు చెబుతోంది గానీ చూస్తున్నది కూతురి వైపు. "విషం పుడుతదని నాకు తెల్వదు సేటూ. తెలిస్తె చేస్తుంటినా?"

"తెల్వదవ్వా. నీకు తెల్వదని నాకు తెలుసు," అంది మయూరి.

"నువ్వెప్పుడు చూసినవు?"

మయూరి చేతిలోని మిరపకాయను మూటలో పెట్టి ముడి వేయసాగింది.

"మిరపకాయ మూట గట్టుకచ్చినవంటె చూసే ఉంటవు. ఎప్పుడు చూసినవు?"

"నిన్న పొద్దుమూకి."

"ఏడున్నవు?"

"బస్తాల వెనక."

ముత్తవ్వ తల ఊపింది. "బస్తాల వెనక," అని తనలో తాను అనుకున్నట్టు అంది. "చూసినవు. టెంపోల నా పక్కన్నే కూసున్నవు. ఇంటికచ్చి నా పక్కన్నే తిన్నవు. ఇంకింత పప్పు ఏసుకొమ్మంటె ఏసుకున్నవు."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టలేదు. మయూరి వివరంగా తయారు చేసుకున్న మాటలన్నీ సేట్ కోసం చేసుకున్నవే. అవ్వ కోసం ఒక్కటి కూడా చేసుకోలేదని అప్పుడే తెలిసింది ఆమెకు.

సేట్ తుమ్మాడు. తుమ్ము అయ్యాక ఆయన మొహంలో కోపం కాస్త తగ్గింది. వ్యాపారి బుర్ర లెక్కలోకి దిగిందని ఆ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. "సరే. అయ్యిందేదో అయ్యింది. మయూరీ, నువ్వు పట్టిచ్చినవు. మాట అంటె మాటే. ల్యాబ్ నీది, నౌకరి నీది. కాని ఆ నాందేడ్‌ల కూసున్న మనిషికి నేను ఏమన్న చూపెట్టాలె గదా! ఇట్ల చేసినోళ్ళను తీసేసిన అంటెనే ఆయన నమ్ముతడు. ముత్తవ్వా, నువ్వు పరేషాన్ గాకు. ఇంక నీ బిడ్డ కమాయిస్తది. ఇంట్ల కూసోని ఆరామ్ జెయ్యి. మంచిదే గదా నీకు!"

ముత్తవ్వ ఏదో అనబోయింది. అనేలోపే మయూరి అందుకుంది.

"కాదు సేట్‌జీ."

"ఏం కాదు?"

"మా అవ్వను తీసేస్తె నీళ్ళు ఆగయి." మయూరి ఇప్పుడు కుర్చీకి ఎదురుగా నిలబడింది. ఆమె ఎక్కువ మాట్లాడని పిల్ల. మాట్లాడినప్పుడు మాత్రం తడబడదు. "చల్లొద్దని నేను చెప్తె ఆడోళ్ళు నా ముందర సరే అంటరు. నేను ఇటు తిరగంగనే చల్లుతరు. మా అవ్వ చెప్తె ఆగుతరు. షెడ్డుల ఆమె మాట నడుస్తది, నా మాట కాదు. ఇంకొకటి. ఉమ్రిల కొత్త మిల్లు వడ్డది. ఆళ్ళు ముకద్దం కోసం తిరుగుతున్నరు. ఈమెను మీరు ఇంట్ల కూసోబెడితె తెల్లారే అచ్చి తోలుకపోతరు. ఈమె పోతె మీ షెడ్డుల ఎవ్వలుంటరు? ఒక్కరు కూడ ఉండరు. నాకు ల్యాబ్ ఇచ్చి ఏం ఫాయిదా?"

సంగవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. సేట్ కాసేపు మయూరిని పరీక్షగా చూసి, పెద్దగా నవ్వాడు. "హాలెండుల బేరం కూడ నేర్పిన్రానే నీకు?"

"బేరం ఉమ్రి అంగడిల నేర్చుకున్న సేట్‌జీ. చిన్నప్పుడే."

"మరి ఏమంటవు? ఏం చెయ్యాలె?"

"షెడ్డుకు పంఖాలు పెట్టాలె. దుమ్ము బయటికి గుంజేటియి. ఇరిగిన కాయకు పైసలు కోసుడు బంద్ జెయ్యాలె. గోదాం వెనక జాగ సిమెంటు చేయించాలె, ఎండల పోసేటందుకు. గోనె బంద్."

"పంఖాలు పెడత. సిమెంటు... చూద్దాం, వానల లోపల. ఇరిగిన కాయ..." సేట్ పెదవి విరిచి, మళ్ళీ సర్దుకున్నాడు. "సరే, ఆ మాట కూడ ఒప్పుకున్న. మరి ముత్తవ్వ? నాందేడాయన అడుగుతడు గదా. ముకద్దంగనే ఉంచిన అంటె ఎట్ల చెప్పాలె?"

"ముకద్దం పని నేను చూసుకుంట కొన్ని రోజులు," అంది మయూరి. "అవ్వ నా కింద ఉంటది. నేను చెప్పింది ఆమె ఆడోళ్ళకు చెప్తది. కాగితం మీద నా పేరుంటది, మీకు ఇబ్బంది ఉండది."

"వాహ్!" అన్నాడు సేట్, తొడ మీద చరుచుకుని. "తల్లి బిడ్డ కింద! ఆయన కాదనడు. పక్కా. సోమారం నుంచి అచ్చెయ్యి." మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు మయూరి చేతికిచ్చి, లేచాడు. గల్లీలో ఆయన అడుగులు దూరమయ్యాయి. దూరంగా ఒక తుమ్ము, కారు తలుపు మూసుకున్న చప్పుడు వినబడ్డాయి.

మయూరి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నాళ్ళూ ఎవరెవరి గదుల్లోనో, ఎవరెవరి బల్లల ముందో అడిగినది ఇవాళ తన వాకిట్లో దొరికింది. తన ఊరికి ఇంత దగ్గరలో, తన చదువుకు సరిగ్గా సరిపోయే పని. పంఖాలు కూడా వస్తాయి. అవ్వ ఉద్యోగమూ పోలేదు. లోపల ఎక్కడో ఒక నవ్వు మొదలై పైకి వస్తోంది.

"సంగవ్వ చిన్నమ్మా, చూసినవా?" అంది.

సంగవ్వ కుర్చీ మడిచే ప్రయత్నం చేసి, అది మడిచే కుర్చీ కాదని గుర్తొచ్చి వదిలేసింది. "చూసిన బిడ్డా. సేట్ నిన్ను అడిగిండు. నువ్వు సేట్‌ను అడిగినవు. ఇద్దరు మంచిగ ఒప్పుకున్నరు." ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "అక్కను ఎవ్వలడిగిన్రు?"

మయూరి నవ్వు ఆగింది. తల తిప్పి చూసింది.

ముత్తవ్వ పొయ్యి ముందు కూర్చుని నిప్పుల మీద నీళ్ళు పోస్తోంది. పొగ లేచింది. ఆ పొగలోనే చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది.

"అవ్వా, కోపం వచ్చిందా?" మయూరి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "పేరుకే గదా! షెడ్డుల ఇంతకు ముందు లెక్కనే అంత నువ్వే చూసుకుంటవు. ఆయన ఇంట్ల కూసోమన్నడు గదా, గందుకే గట్ల చెప్పిన. లేకుంటె పని పోవుడే గదా! నేను నిన్నటి సంది చెప్దామనే అనుకున్న. ఎట్ల చెప్పాలో... అవ్వా, ఇటు చూడు. పంఖాలు వస్తయి. దుమ్ముండది. నువ్వు దగ్గుడు బంద్ అయితది."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడింది లేదు. ఒక్క మాటకైనా జవాబు వస్తే చాలు. తిట్టినా చాలు. బస్తాల వెనక దాక్కున్నావని ఇంకోసారి అన్నా చాలు.

ముత్తవ్వ డబ్బాలో రొట్టెలు పెట్టుకుంది. ఉల్లిగడ్డ పెట్టుకుంది. మూత బిగించి, తువ్వాలలో ముడి వేసింది. మడత పెట్టిన చీర పేలికను నడుముకు దోపుకుంది. గోడకు తగిలించిన చిన్న అద్దంలో చూసుకుని బొట్టు సరిదిద్దుకుంది. రోజూ చేసే పనులే. కానీ వాటిని ఆమె చేస్తున్న తీరులో తొందర లేదు, తడబాటు లేదు. ఒక నిర్ణయానికి వచ్చేసిన మనిషి చేసినట్టు చేసింది. గడప దాటి చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది.

గల్లీ చివర ధర్మాబాద్ టెంపో హారన్ కొట్టింది. అప్పటికే ఎక్కి కూర్చున్న ఆడవాళ్ళు, "ముత్తక్కా! జల్ది రా!" అని పిలిచారు. మయూరి వాకిట్లోకి పరుగున వచ్చింది. తల్లి టెంపో దగ్గరికి చేరింది. ఎక్కలేదు. లోపల కూర్చున్నవాళ్ళతో ఏదో అంది. ఇక్కడికి వినబడలేదు. రెండు మాటలకు మించి ఉండవు. ఆ తరువాత టెంపోను దాటి, కుడి పక్కకు తిరిగి, రైల్వే స్టేషన్ తొవ్వ పట్టింది.

ఆ వేళకు కర్ఖేలిలో ఆగేది ఒకే ఒక రైలు. అది ఉమ్రి వైపు పోతుంది.

డ్రైవర్ మళ్ళీ హారన్ కొట్టాడు. టెంపోలోంచి ఒకామె దిగింది. డబ్బా చంకన పెట్టుకుని ముత్తవ్వ వెనక నడిచింది. ఆమె వెనక ఇంకొకామె. తరువాత ఇద్దరు కలిసి దిగారు. డ్రైవర్ తల బయటికి పెట్టి ఏదో అరుస్తున్నాడు. ఎవరూ వెనక్కి తిరగడం లేదు.

"చిన్నమ్మా," అంది మయూరి. "నువ్వన్న చెప్పు. నువ్వు చెప్తె వింటది. ఒక్కసారి పోయి ఆపు."

సంగవ్వ ఆమె మొహం వైపు చూసింది. ఈ గల్లీలో పుట్టిన ప్రతి బిడ్డ మీదా, చచ్చిన ప్రతి మనిషి మీదా ఏదో ఒక మాట అనకుండా ఉండని సంగవ్వ ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మూసుకుంది. గోడ మీద పెట్టుకున్న తన డబ్బా తీసుకుంది. ఎర్ర కుర్చీని వాకిట్లోనే వదిలేసి, ముత్తవ్వ వెళ్ళిన తొవ్వనే నడిచి వెళ్ళిపోయింది.